పందెం జత తొడిగిందెవరు?

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు అట్టపెట్టె మూత తీసిన విజయేందర్‌కు, ఎనిమిది నెలలుగా తాను ముట్టుకోని పందెం బూట్ల అడుగున రబ్బరు సగానికి సగం అరిగిపోయి కనిపించింది.

లైటు కిందకు తెచ్చి చూశాడు. మడమ దగ్గర వెలుపలి అంచు చదునైపోయింది. కుడి బూటుకు మరీ ఎక్కువ. అడుగు గీతల సందుల్లో ఎర్రమట్టి. లేసులు తాను కట్టే తీరులో లేవు. ఎవరో ఈ బూట్లు తొడుక్కుని పరిగెత్తారు. ఒక రోజు, రెండు రోజులు కాదు. నెలల తరబడి.

పందేనికి ఇంకా సరిగ్గా ఏడు రోజులున్నాయి.

విజయేందర్‌కు ముప్పై ఆరేళ్లు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. ఏడున్నర బ్యాచ్‌కు నూట ఇరవై మంది వస్తారు. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చుని నోట్సు రాసుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే. ప్రోగ్రాము రాసే చోటు వేరు, పరీక్షించే చోటు వేరు, జనం వాడే చోటు వేరు. మూడోదాని మీద ఎవడూ చెయ్యి పెట్టకూడదు.

పంజాగుట్టలోని తన ఫ్లాటులో బూట్లకు కూడా అదే నియమం పెట్టుకున్నాడు. లావు అడుగున్న బూడిద రంగు జత రోజువారీ మెల్లటి పరుగులకు, ఆదివారం దూరాలకు. నీలం జత మంగళవారం వేగం పరుగులకు. నారింజ జత పందేనికి మాత్రమే. అరచేతిలో పెడితే ఉందా లేదా అనిపించే బరువు, పల్చటి అడుగు. పందేనికి వారం ముందు ఒక్కసారి, మూడు కిలోమీటర్లు, కాళ్లకు గుర్తు చేయడానికి తొడుగుతాడు. ఆ తర్వాత పందెం రోజే. ఈరోజు వాడిన జతను రేపు వాడడు. అణిగిన అడుగు మళ్లీ లేవడానికి ఒక రోజు విశ్రాంతి కావాలంటాడు. ఏ జత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్లో రాసి ఉంటుంది. నారింజ జతకు రాసి ఉన్నది యాభై ఎనిమిది. చేతిలో ఉన్న బూటును చూస్తే మూడు వందలకు తక్కువ తిరగలేదు.

హైందవి నిద్రకళ్లతో హాల్లోకి వచ్చింది. "ఏంటండీ, చీకట్లో బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు?"

"ఎవరో ఏసుకున్నరు వీటిని."

"మీ బూట్లా? ఆ వాసనకు ఎదురింటివాళ్లు తలుపు తీయడం మానేశారు. ఎవరేసుకుంటారు?"

"మజాక్ కాదు హైందవీ. చూడు గిది."

చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. పెళ్లికి తనకు ఒక్క జత చెప్పులు కొని సొంత కాళ్లకు మాత్రం ముగ్గురు పెళ్లాలను తెచ్చుకున్నాడని బంధువుల ముందు ఆటపట్టించే మనిషే. అయినా ఆ మూడో జత అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

ఇరవై ఒక్క కిలోమీటర్లు తొంభై నిమిషాల లోపు. మూడేళ్లుగా అదొక్కటే లక్ష్యం. మొదటి ఏడు తొంభై రెండు నిమిషాలు. రెండో ఏడు తొంభై ఒకటి. కిందటేడు తొంభై నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. క్లాసులో బోర్డు మూలన ఎవరో విద్యార్థి 89:59 అని రాశాడు. ఏడాదిగా ఆ అంకెను ఎవరూ చెరపలేదు. బోర్డు తుడిచేవాళ్లు కూడా దాని చుట్టూ తుడుస్తారు. వచ్చే నెల నుంచి సంస్థ అతనికి ఉదయం ఐదున్నర బ్యాచ్ కూడా అప్పగిస్తోంది. ఆ తర్వాత సాధనకు తెల్లవారుజాములుండవు. ఈసారి కాకపోతే ఇక కాదు.

"కొత్తది కొనుక్కోండి," అంది హైందవి.

"గీ రకం హైదరాబాదుల దొరకది. బెంగుళూరు నుంచి రానీకి పది దినాలు పడ్తది. అప్పటికి పందెమే అయిపోతది."

"దొంగలెవరైనా..."

"దొంగ అయితే ఎత్తుకపోతడు. వాడుకొని, కాగితం సుత మడత పెట్టి, మళ్ల పెట్టెల పెడ్తడా?"

నిజమే. బూట్ల మీద కప్పే పల్చటి కాగితం విజయేందర్ పెట్టినదానికంటే చక్కగా, నాలుగు అంచులూ కలిపి మడత పెట్టి ఉంది.

తలుపు పక్కనున్న చెప్పుల అరను అతను పరిశోధించాడు. మనిషి నడిచే తీరు చెప్పు అడుగున రాసి ఉంటుంది. హైందవి చెప్పులు తిరగేశాడు. తనవి తిరగేశాడు. ఆదివారాలు భోజనానికి వచ్చే బావమరిది వంశీధర్ వదిలేసిన స్లిప్పర్లు తిరగేశాడు. పక్కనే మామగారు హనుమత్ప్రసాద్ గోధుమరంగు తోలు చెప్పులున్నాయి. పెద్దాయన చెప్పులు తిరగేసి చూడటం అల్లుడికి తోచే పని కాదు. వాటిని దాటి ముందుకు వెళ్లాడు.

హనుమత్ప్రసాద్‌కు అరవై రెండేళ్లు. ఏలూరులో విద్యుత్ శాఖ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మూడేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఈ పెళ్లి ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట ఎన్నడూ నోటితో అనలేదు. ఇష్టమనీ అనలేదు. మామా అల్లుళ్ల మధ్య రోజుకు పది మాటలు నడుస్తాయి. పేపరు వచ్చిందా అని ఆయన, వచ్చింది మామయ్యా అని ఇతను. విజయేందర్ మొదటి పతకం తెచ్చిన రోజున మాత్రం కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరూ తరమకుండా ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తడమెందుకో," అన్నాడు. ఆ తర్వాత తెచ్చిన పతకాలను విజయేందర్ హాల్లో తగిలించలేదు.

కింద గేటు దగ్గర వాచ్‌మన్ ఓదెలు కుర్చీలో ఉన్నాడు.

"ఓదెలన్నా, పొద్దుగాల మన మెట్ల మీదికి బయటోళ్లు ఎవరన్న వస్తుండ్రా?"

"లేదు సార్. ఏం పోయింది?"

"ఏం పోలే. బూట్లు అరిగినయ్."

"చెప్పులు పోతే గుడి కాడ ఎతుకుతరు సార్. అరిగితే యాడ ఎతకాల్నో నాకు తెల్వదు."

"జర యాది చేసుకో అన్నా. ఐదు గంటల లోపల ఎవరు తిరుగుతరు?"

"మీ ఇంట్లకెళ్లి ఇద్దరే. మీరు ఉరకనీకి పోతరు. పెద్దసారు పాలకు పోతడు. రెండో అంతస్తు మేడం పూలకు వస్తది. గంతే."

అందులో పనికొచ్చే సంగతి ఏదీ విజయేందర్‌కు కనిపించలేదు.

మిగిలింది వంశీధర్. ఇంటి తాళంచెవి అతని దగ్గరా ఒకటి ఉంది. ఇరవై నాలుగేళ్లు. జావా కోర్సు ముగించి, ఒరాకిల్ కోర్సు సగంలో ఉన్నాడు. అమీర్‌పేటలో హాస్టల్.

"మామయ్యకు చెప్పకు," అన్నాడు విజయేందర్ భార్యతో. "కొడుకు పని అని తేలితే పెద్దమనిషి నా ముంగట తల ఎట్ల ఎత్తుతడు?"

సోమవారం మధ్యాహ్నం క్లాసు ముగించుకుని నేరుగా హాస్టల్‌కు వెళ్లాడు. నాలుగు మంచాల గది. మూడు మంచాల మీద పుస్తకాలున్నాయి, ఒకదాని మీద దుప్పటి కింద మనిషి ఉన్నాడు. వంశీధర్ అద్దం ముందు ఇంటర్వ్యూ కోసం టై కట్టడం నేర్చుకుంటున్నాడు.

"వంశీ, సీదా అడుగుతున్న. నా నారింజ బూట్లు నువ్వు ఏసుకున్నవా?"

"బావగారూ, ఇంటర్వ్యూల్లో కూడా నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు."

"జవాబు చెప్పు."

"మీరు పరిగెత్తేది తెల్లవారుజామున. నేను ఏడింటికి ముందు లేచానని ఎవరైనా సాక్ష్యం చెబితే మీరు వేసిన శిక్షకు ఒప్పుకుంటాను."

దుప్పటి కింది నుంచి గొంతు వినిపించింది. "ఏడు కాదు సార్. తొమ్మిది అనుండ్రి."

వంశీధర్ కుడికాలు ముందుకు చాపాడు. "అయినా చూడండి, నాది పదకొండో నంబరు. మీది తొమ్మిది. నా కాలు దూరితే అది బూటుగా మిగలదు."

విజయేందర్ ఆ పాదాన్ని చూశాడు. కేసు కొట్టివేయక తప్పలేదు.

"నాన్నకు చెప్పలేదు కదా?" అన్నాడు వంశీధర్ గొంతు తగ్గించి. "ఇప్పటికే ఆయన దగ్గర నా మీద నాలుగు ఫైళ్లు పెండింగ్‌లో ఉన్నాయి."

ఇక మిగిలింది వల పన్నడమే. ఆ సాయంత్రం హైందవి కుట్టుపని డబ్బా నుంచి నల్ల దారం తీసి, పెట్టెకూ మూతకూ మధ్య చుక్క గమ్‌తో అంటించాడు. మూత తీస్తే దారం తెగుతుంది. మంగళవారం చూశాడు. తెగలేదు. బుధవారం తెగలేదు. గురువారమూ తెగలేదు. నెలల తరబడి వాడుకుంటూ పోయిన మనిషి, వల వేయగానే మాయమయ్యాడు.

గురువారం ఉదయం మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు తీయబోయి ఆగిపోయాడు. తలుపు మీద తన సాధన చార్టు ఉంది. పదహారు వారాల పట్టిక. చివరి వారం మీద తనే ఎర్ర సిరాతో రాశాడు. 'విశ్రాంతి వారం. కొత్తగా ఏ సాహసమూ చేయరాదు.'

"హైందవీ, ఇటు రా. దొంగ నా చార్టు చదువుతుండు. నేను ఎప్పుడు ఆపాలంటే అప్పుడు ఆపిండు."

"అంటే ఇంట్లోవాళ్లే అంటారు."

"ఇంట్లోవాళ్లే."

"సరే, ఒప్పుకుంటున్నాను. మీరు గురక పెడుతుంటే ఆ బూట్లేసుకుని రోజూ ఎర్రమంజిల్ దాకా పరిగెత్తి వస్తున్నాను. ఐదో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూటు, లోపల రెండు దిండ్లు కుక్కుకుని."

అతనికి నవ్వు వచ్చింది. వెతకడం మానేశాడు. పందెం ముందు మనసు ఇలా చెదరకూడదు. ఆదివారం నీలం జతతోనే పరిగెత్తాలని నిశ్చయించుకున్నాడు. ఒక్కో బూటు నారింజదానికంటే అరవై గ్రాములు ఎక్కువ. చేతిలో పట్టుకుంటే అది లెక్కలోకి రాదు. పదిహేనో కిలోమీటరు దాటాక వచ్చే ప్రతి అడుగుకూ వస్తుంది.

శనివారం సాయంత్రం హనుమత్ప్రసాద్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేపు ఎన్నింటికి?"

"ఐదున్నరకు మామయ్యా. నెక్లెస్ రోడ్డు మీద మొదలు. అమీర్‌పేట దాక పోయి, వాపసు."

"వచ్చేటప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాలి కదా. ఎక్కేటప్పుడు ఊపిరి దాచుకోండి. దిగేటప్పుడు వాడుకోవచ్చు."

పది మాటల కోటా ఒక్కసారిగా దాటిపోయింది. ఆయన మళ్లీ పేపరు విప్పాడు.

ఆదివారం నాలుగింటికి నీలం బూట్లు తొడుక్కుని విజయేందర్ ఇల్లు కదిలాడు. పెట్టె వైపు చూడలేదు.

ఐదున్నరకు తుపాకీ పేలింది. రాత్రి పడ్డ వాన రోడ్ల మీద ఇంకా మెరుస్తోంది. మొదటి ఐదు కిలోమీటర్లు ఇరవై ఒక్క నిమిషాల పదిహేను సెకన్లు. సోమాజిగూడలో పేపర్లు పంచే మనుషులు సైకిళ్లు ఆపి చూశారు. పదో కిలోమీటరు, నలభై రెండు నిమిషాల ముప్పై. లెక్క ప్రకారం నడుస్తోంది. అమీర్‌పేట మలుపు దగ్గర గోల వినిపించింది. అతని ఏడున్నర బ్యాచ్ సగం ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంది. కోర్సుల కరపత్రాల వెనక్కు తిప్పి పెద్ద అక్షరాలతో 89:59 అని రాసి పట్టుకున్నారు.

"సార్, ఉరుకుండ్రి. క్లాసు ఫికర్ చెయ్యకుండ్రి, రేపు మేం సుత రాం," అని అరిచాడొకడు.

పదహారో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ మొదలైంది. ఇక్కడే కిందటేడు రెచ్చిపోయి, పైకి చేరేసరికి ఖాళీ అయిపోయాడు. ఈసారి పక్కన ఇద్దరు దాటిపోతుంటే పోనిచ్చాడు. ఊపిరి దాచుకున్నాడు. పైకి చేరాడు. దిగడం మొదలయ్యాక కాళ్లు వదిలేశాడు. ఆ ఇద్దరినీ దాటాడు. మరో నలుగురినీ దాటాడు. పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర పిక్కలు బిగుసుకున్నాయి. నీలం బూట్లు ఇటుకల్లా లేస్తున్నాయి. గడియారం చూడటం మానేశాడు. ఎడమన హుస్సేన్‌సాగర్, ఎదురుగా గేటు. నాలుగు వందల మీటర్లు. రెండు వందలు. యాభై.

గీత దాటి గడియారం చూసుకున్నాడు. ఎనభై తొమ్మిది నిమిషాల యాభై రెండు సెకన్లు.

రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. హైందవి జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని తల మీద సగం సీసా నీళ్లు పోసింది. మిగిలిన సగం తనే తాగేసింది. భర్త చేతికున్న గడియారాన్ని తన వైపు తిప్పుకుని మళ్లీ మళ్లీ చూసింది.

లేచి నిలబడి, బెల్లం ముక్క ఒకటి తిని, ఫోటోలు దిగేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు హైందవి ముఖంలో కొంచెం కంగారు కనిపించింది.

"నాన్న పొద్దున్నే పాలకని వెళ్లారండీ. నేను బయల్దేరేదాకా రాలేదు. ఫోను ఎత్తడం లేదు."

అంతలో తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకరు దగ్గరకు వచ్చాడు. "మీరు విజయేందర్ గారే కదండీ? నా పేరు రాఘవయ్య. హనుమత్ప్రసాద్ గారి స్నేహితుణ్ణి. ఇప్పుడు మైకులో చెప్పింది మీ టైమేనా?"

"అవును సార్. మీకు నేనెట్ల తెలుసు?"

"భలేవారే. జలగం వెంగళరావు పార్కులో పొద్దున నడిచేవాళ్లలో మిమ్మల్ని ఎరగనివాడు లేడు. కిందటేడు తొంభై నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు, అంతకుముందు తొంభై ఒకటి. మీ మంగళవారం పరుగు ఎన్ని రౌండ్లో మాకు కంఠస్థం."

"మామయ్య చెప్పిండా?"

"ఆపితే కదండీ. మా అల్లుడుగారు ఇలా, మా అల్లుడుగారు అలా. మా అల్లుళ్ల గురించి చెప్పుకునే సందు కూడా ఇవ్వడు మహానుభావుడు."

విజయేందర్‌కు మూడేళ్లుగా అల్మారాలో బట్టల కింద దాచిన పతకాలు గుర్తొచ్చాయి.

"ఇంతకూ మా నాన్న ఎక్కడున్నారండీ?" అంది హైందవి.

రాఘవయ్య ఆశ్చర్యంగా చూశాడు. "మీకు చెప్పలేదా? పది కిలోమీటర్ల పందెంలో ఉన్నారమ్మా. ఆయన కోసమే నేనిక్కడ నిలబడింది."

ముగ్గురూ ఒకేసారి రోడ్డు వైపు తిరిగారు. పది కిలోమీటర్ల వాళ్లు గుంపులుగా వస్తున్నారు. వాళ్ల మధ్య తెల్ల చొక్కా ప్యాంటులోకి దోపుకుని, మడమలు ముందు పెడుతూ, కుడివైపు కొంచెం ఒరుగుతూ, తల మాత్రం నిటారుగా పెట్టుకుని హనుమత్ప్రసాద్ వస్తున్నాడు. కాళ్లకు నారింజ బూట్లు.

"నాన్నా," అంది హైందవి. అది పిలుపులా లేదు.

విజయేందర్ కంచె దగ్గరకు పరిగెత్తాడు. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లని మరిచిపోయాడు. "మామయ్యా, ఇంక యాభై అడుగులే. చేతులు ఊపుండ్రి," అని అరుస్తూ, కంచె ఇవతల ఆయనతో సమంగా పరిగెత్తాడు. పక్కనున్నవాళ్లు ఎవరని అడిగితే, "మా మామగారు. అరవై రెండేండ్లు," అన్నాడు. అడగనివాళ్లకు కూడా చెప్పాడు.

గీత దాటిన హనుమత్ప్రసాద్ మెడలో ఎవరో పతకం వేశారు. ఆయన దాన్ని చూసుకోలేదు. అల్లుడి దగ్గరకు వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "ఎంత?" అన్నాడు.

"ఎనభై తొమ్మిది నిమిషాల యాభై రెండు సెకన్లు."

హనుమత్ప్రసాద్ కళ్లు మూసుకుని మూడుసార్లు ఊపిరి పీల్చాడు. తర్వాత ఫుట్‌పాత్ గట్టు మీద కూర్చుని నారింజ బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే చెప్పాడు.

"నేనే అల్లుడుగారూ. మీరు గెలిచారు కాబట్టి నోరు పెగులుతోంది. తొంభై ఒకటి వచ్చుంటే ఈ ముక్క నాతోపాటే పోయేది. ఏప్రిల్‌లో డాక్టరు నడవమన్నాడు. నడిచాను. ఫ్రిజ్ మీద మీ చార్టు రోజూ కనపడుతుంటే, నడిచేవాడు పరిగెత్తకూడదా అనిపించింది. కొత్త బూట్లు అడిగితే హైందవి వంద ప్రశ్నలు వేస్తుంది. మీ మూడు జతలూ చూశాను. నాదీ మీ నంబరే. బూడిదవి మీకు రోజూ కావాలి. నీలంవి మంగళవారం కావాలి. ఇవొక్కటే నెలల తరబడి పెట్టెలో పడి ఉన్నాయి. పట్టుకుంటే బరువు లేదు, అడుగు చూస్తే మందం లేదు. పాపం, చవకరకం కొని మోసపోయి మూలన పడేశారనుకున్నాను. మీకు ఇబ్బంది లేని జత తీసుకోవడం మర్యాద కదా అని తీసుకున్నాను. పాల సంచిలో పెట్టుకుని పార్కుకు వెళ్లేవాణ్ణి. ఇందాక మొదలయ్యే గీత దగ్గర పక్కనున్న కుర్రాడు, అంకుల్ ఇవి పందెం బూట్లు, మన ఊళ్లో దొరకవు, ఎవరివి అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. విప్పి పరిగెత్తుదామంటే అప్పటికే పొమ్మన్నారు. పది కిలోమీటర్లూ వీటికి దెబ్బ తగలకుండా పరిగెత్తాలని చూశాను. కుదరలేదు. మొదటి రోజున ఎవరూ తరమకుండా పరిగెత్తడమెందుకని మిమ్మల్ని అన్నాను చూడండి, అది కూడా తప్పే. అదీ ఇందులోనే కలిపి ఒప్పుకుంటున్నాను. ఎవరి బూట్లయినా, అడక్కుండా తీయడం దొంగతనమే. మీరేం చేసినా పడతాను. కానీ అల్లుడుగారూ, ముందు ఆ ఫలితాల బోర్డు దగ్గరకు వెళ్లి నా నంబరు పక్కన ఎంత పడిందో చూసి రండి. గంటా పన్నెండు నిమిషాల లోపే వచ్చి ఉండాలి."